మూడు రోజులు ఆపితే సెల్ఫ్ తీసుకోవట్లేదు: 2008 పెట్రోల్ కారులో బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది?

#1 · కొత్తపేట_కారు

బండి 2008 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్‌తో పెట్రోల్ చిమ్మే ఇంజిన్). బ్యాటరీ 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు; మోడల్ 38బీ20ఎల్), దాదాపు కొత్తదే. రోజూ తిప్పితే ఏ ఇబ్బందీ లేదు. మూడు రోజులు ఆపితే మాత్రం సెల్ఫ్ టిక్ టిక్‌మని ఆగిపోతోంది. వేరే బ్యాటరీ నుంచి జంపర్ పెడితే వెంటనే స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు చూపిస్తోంది. షాపులో లోడ్ టెస్ట్ చేసి బ్యాటరీ బాగానే ఉందన్నారు.

కంపెనీవి కాకుండా బయట బిగించినవి: ఆండ్రాయిడ్ స్టీరియో, రిమోట్ సెంట్రల్ లాక్, రివర్స్ కెమెరా. నా దగ్గర ఉన్నది పసుపు రంగు డీటీ830డీ మల్టీమీటర్ (వోల్టులు, ఆంప్స్ కొలిచేది) ఒక్కటే. దీంతో పని అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 · ఆటోనగర్_వైరింగ్

14.1 వస్తోందంటే డైనమో (ఆల్టర్నేటర్) చార్జింగ్ సరిపోతోంది, 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే చాలు. కానీ చార్జింగ్ బాగున్నంత మాత్రాన డైనమో మీద అనుమానం తీరదు, దాని సంగతి తర్వాత.

వైరింగ్ జోలికి వెళ్లకముందు తప్పు బ్యాటరీదా, బండిదా తేల్చండి. చార్జర్‌తో 3.5 ఆంప్స్ దగ్గర పెట్టి (35 ఏహెచ్‌కి పదో వంతు) నిండా ఎక్కించండి. బాగా దిగిపోయిన బ్యాటరీ ఊళ్లో నాలుగు కిలోమీటర్లు తిప్పితే నిండదు. సగం నిండిన బ్యాటరీ మీద చేసిన టెస్టుకి విలువ లేదు. చార్జర్ తీశాక కొన్ని గంటలు ఆగి వోల్టేజీ చూడండి. 12.6 అంతకుపైన ఉంటే నిండినట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అంటే పావు వంతు మిగిలిందని లెక్క.

తర్వాత 10 నంబర్ స్పానర్‌తో నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, బండిని అదే మూడు రోజులు వదిలేయండి. 12.5 దగ్గరే నిలబడితే బ్యాటరీ నిర్దోషి, కరెంటు బండిలో పోతోంది. ఊడదీసినా 12.2కి దిగిందంటే లోపల సెల్ పోయింది. మూతలు తీయగలిగే రకమైతే హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది) పెట్టండి. ఆరు సెల్స్‌లో ఐదు 1.250 దగ్గర ఉండి ఒక్కటి 1.200 చూపిస్తే ఆ బ్యాటరీని వారంటీలో మార్పించుకోవడమే.

#3 · ఫ్యూజ్_డబ్బా

బ్యాటరీ పైభాగం కూడా చూడండి. యాసిడ్ తడి, దుమ్ము కలిసి పొరలా పేరుకుంటే దాని మీదుగానే కొద్దికొద్దిగా కరెంటు పోతుంది. మీటర్ డీసీ 20 మీద పెట్టి, నల్ల ప్రోబ్ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబ్ ప్లాస్టిక్ మూత మీద అక్కడక్కడా ఆనించండి. ఒక వోల్టో రెండు వోల్టులో చూపిస్తే కడగాల్సిందే. మూతలు బిగించి, తినే సోడా కలిపిన నీళ్లతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. సోడా నీళ్లు మాత్రం సెల్ లోపలికి పోకూడదు, పోతే యాసిడ్ చచ్చిపోతుంది.

#4 · ఓరుగల్లు_ఇంజిన్

అన్నా, టిక్ టిక్ అంటుందంటున్నవ్. ఎర్తు కేబుల్ ఒకసారి చూసుకో. బ్యాటరీ నెగటివ్ నుంచి గేర్‌బాక్స్ దాకా పోయే కేబుల్ లగ్ (కొసకుండే రింగు) దగ్గర పచ్చగ తుప్పు పట్టి ఉంటది.

#5 · ఆటోనగర్_వైరింగ్

#4 చెప్పింది చూడాల్సిందే కానీ, ఎర్తు వదులైతే బ్యాటరీ దిగదు. చార్జింగ్ సరిగా ఎక్కదు, సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. రెండూ వేరు వేరు జబ్బులు, చాలామంది కలిపేస్తారు. పరీక్ష ఒక్క నిమిషం: ఎర్ర ప్రోబ్ ఇంజిన్ బ్లాక్ మీద, నల్లది బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే) పెట్టి ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉండాలి. అర వోల్టు దాటితే లగ్ గీకి, శుభ్రం చేసి బిగించండి.

#6 · కొత్తపేట_కారు

నెగటివ్ ఊడదీసి పెడితే 12.58 దగ్గరే ఉంది. ఎర్తు డ్రాప్ 0.11. పైభాగం తుడిచాను. అంటే కరెంటు బండిలోనే పోతోంది. ఇప్పుడు ఎంత పోతోందో ఎలా కొలవాలి?

#7 · ఫ్యూజ్_డబ్బా

డీటీ830డీతో అవుతుంది. కాకపోతే దాని గుణం తెలుసుకుని వాడాలి.

దానికి మూడు రంధ్రాలుంటాయి. నల్లది కామ్ (COM) అని రాసిన దాంట్లో, ఎర్రది 10 ఆంప్స్ అని రాసిన దాంట్లో. ఆ 10 ఆంప్స్ దారికి ఈ మీటర్లలో ఫ్యూజ్ ఉండదు. పొరపాటున ప్రోబ్‌లను పాజిటివ్, నెగటివ్ పోస్టుల మధ్య పెట్టారంటే బ్యాటరీని షార్ట్ చేసినట్టే, తీగలు కాలిపోతాయి. మీటర్ ఎప్పుడూ సిరీస్‌లోనే ఉండాలి: నెగటివ్ పోస్టుకీ, ఊడదీసిన నెగటివ్ క్లాంపుకీ మధ్య.

వరుస ఇదీ.

డ్రైవర్ డోర్ తెరిచి ఉంచాలి, ఎందుకంటే ఫ్యూజుల పెట్టె డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. డోర్ స్తంభం మీద రబ్బరు గుబ్బ స్విచ్ ఉంటే దాన్ని లోపలికి నొక్కి గట్టిగా టేపు వేయండి. స్విచ్ తాళంలోనే ఉండే రకమైతే స్క్రూడ్రైవర్‌తో లాచ్ తిప్పి డోర్ మూసినట్టు భ్రమింపజేయాలి, తర్వాత హ్యాండిల్ లాగితే వచ్చేస్తుంది. రూమ్ లైట్ ఆరిందో లేదో కళ్లతో చూడండి. అద్దం దించి, తాళం చెవి బయటే పెట్టుకోండి.

నెగటివ్ క్లాంపు తీసేముందు పోస్టుకీ క్లాంపుకీ మధ్య ఒక జంపర్ తీగ క్లిప్పులతో తగిలించండి. ఇప్పుడు క్లాంపు తీసినా కరెంటు తెగదు. రిమోట్‌తో లాక్ చేసి అరగంట వదిలేయండి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (దొంగ తాళంతో స్టార్ట్ కానివ్వనిది), సెంట్రల్ లాక్ అన్నీ నిద్రలోకి పోవాలి. తర్వాత మీటర్‌ని జంపర్‌కి పక్కనే తగిలించి, అప్పుడు జంపర్ తీయండి. జంపర్ లేకుండా నేరుగా మీటర్ పెడితే అన్నీ ఒక్కసారిగా మేల్కొని ఒకటో రెండో ఆంప్స్ చూపిస్తాయి, అది చూసి కంగారుపడతారు.

మీటర్ సిరీస్‌లో ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. స్టార్టర్ వంద ఆంప్స్ పైనే లాగుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేయడం కూడా వద్దు. ఈ మీటర్ మీద 10 ఆంప్స్ రేంజ్‌ని కొద్ది సెకన్లే వాడమని రాసి ఉంటుంది, అది పెద్ద కరెంటుకి. అర ఆంపు లోపు అయితే భయం లేదు.

ఈ రేంజ్‌లో చివరి అంకె 10 మిల్లీఆంప్స్. అంటే 0.04 అని చూపిస్తే 30 అయినా కావచ్చు, 50 అయినా కావచ్చు. 200 మిల్లీఆంప్స్ రేంజ్ ఇంకా నికరంగా చూపిస్తుంది కానీ దానికి చిన్న గాజు ఫ్యూజ్ ఉంటుంది. ముందు 10 ఆంప్స్‌లో చూసి, 0.15 కన్నా తక్కువ ఉందని తేలాకే అక్కడికి మారండి.

#8 · విశాఖ_గ్యారేజి

క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ దవడ వేసి కరెంటు కొలిచేది) ఉంటే టెర్మినల్ తీసే పనే లేదు కదా?

#9 · ఫ్యూజ్_డబ్బా

డీసీ (బ్యాటరీ కరెంటు) కొలిచే క్లాంప్ అయితేనే. ఇంటి వైరింగ్ పనికి కొనే చవక క్లాంపుల్లో చాలావరకు దవడతో ఏసీ (ఇంటి కరెంటు) ఆంప్సే కొలుస్తాయి, బ్యాటరీ కేబుల్ చుట్టూ వేస్తే సున్నా చూపిస్తాయి. ఆ సున్నాను నమ్మి లీకేజీ లేదనుకునేవాళ్లున్నారు. డీసీ క్లాంపైనా కేబుల్‌ని పట్టించేముందు జీరో బటన్ నొక్కాలి, చదివేటప్పుడు కదిలించకూడదు.

#10 · కొత్తపేట_కారు

చెప్పినట్టే చేశాను. జంపర్ తీయగానే 0.31, కొద్దిసేపటికి 0.28 దగ్గర స్థిరపడింది. ఇంకో అరగంట ఉన్నా తగ్గలేదు.

#11 · ఆటోనగర్_వైరింగ్

లెక్క సరిపోయింది. 0.28 అంటే రోజుకి 6.7 ఏహెచ్, మూడు రోజులకి 20. మీ 35లో మిగిలేది 15, అది సెల్ఫ్ తిప్పడానికి చాలదు. ఈ కాలం నాటి బండికి 20 నుంచి 40 మిల్లీఆంప్స్ న్యాయం, 50 దాటితే వెతకాలి. 40 మిల్లీఆంప్స్ అయితే రోజుకి ఒక ఏహెచ్ లోపే. రెండు వారాలు పైన ఆపినా స్టార్ట్ అవుతుంది.

అంకెను బట్టి దొంగని కొంత ఊహించొచ్చు. డిక్కీ లైటో, గ్లవ్ బాక్స్ లైటో 5 వాట్ల బల్బయితే 0.4 ఆంప్స్. మామూలు రిలే (కరెంటుతో నడిచే స్విచ్) కాయిల్ 80, 90 ఓమ్స్ ఉంటుంది, ఆగకుండా పట్టి ఉంటే 0.14 లేదా 0.15. మీ 0.28 బల్బుకి తక్కువ, ఒక రిలేకి ఎక్కువ. స్టీరియో, డైనమో డయోడ్ (కరెంటు వెనక్కి రాకుండా ఆపేది) రెండూ అనుమానంలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూడండి. పీకింది అక్కడే మళ్లీ పెట్టండి, 10 ఉన్న చోట 20 పెట్టకండి.

#12 · విశాఖ_గ్యారేజి

ఫ్యూజులు పీకడం కన్నా మిల్లీవోల్టుల పద్ధతి మేలు. ఫ్యూజ్ తల మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, ప్రోబ్‌లు అక్కడ ఆనించి డీసీ 200 మిల్లీవోల్టుల రేంజ్‌లో చూడాలి. కరెంటు పారని ఫ్యూజ్ మీద 0.0 వస్తుంది. మినీ బ్లేడ్ 10 ఆంప్స్ ఫ్యూజ్ నిరోధం సుమారు ఏడెనిమిది మిల్లీఓమ్స్, అంటే 0.1 మిల్లీవోల్ట్ చూపిస్తే దగ్గర దగ్గర 13 మిల్లీఆంప్స్ పారుతున్నట్టు. 15 ఆంప్స్ ఫ్యూజ్ అయితే అదే 0.1కి 20 పైచిలుకు. ఏ ఫ్యూజూ కదపనక్కర్లేదు, నిద్రపోయిన మాడ్యూల్ (ఈసీయూలాంటి ఎలక్ట్రానిక్ పెట్టె) లేవదు. ఇంకో లాభం, పట్టేసిన రిలే వల్ల లీకయితే ఫ్యూజ్ పీకి పెట్టగానే ఆ రిలే వదిలేస్తుంది, రుజువు పోతుంది. మిల్లీవోల్టులతో ఆ ప్రమాదం లేదు.

#13 · ఆటోనగర్_వైరింగ్

కొత్త బండ్లకి మీ పద్ధతే సరైనది, ఒప్పుకుంటా. 2008 బండిలో నిద్రపోయే మాడ్యూళ్లు ఎన్నున్నాయి? డీటీ830డీలో 0.1, 0.2 మిల్లీవోల్టుల దగ్గర అంకె ఊగుతూ ఉంటుంది, కొత్తవాళ్లు నమ్మలేరు. ముందు మిల్లీవోల్టులు చూసి, అనుమానం వచ్చిన దాన్నే పీకితే ఇద్దరి మాటా నెగ్గుతుంది.

#14 · కొత్తపేట_కారు

రెండూ చేశాను. రూమ్ లైట్, గడియారం ఉన్న ఫ్యూజ్ పీకితే 0.28 నుంచి 0.27. బానెట్ కింది పెట్టెతో సహా మిగతా ఏ ఫ్యూజ్ పీకినా అంకె కదల్లేదు. మిల్లీవోల్టుల్లోనూ అన్నీ సున్నాలే. రిలేలు కూడా ఒక్కొక్కటే తీసి చూశాను.

#15 · ఓరుగల్లు_ఇంజిన్

గిది మంచి వార్తనే అన్నా. ఫ్యూజు పెట్టెతోని సంబంధం లేని దారిల పోతున్నదన్నట్టు. గసుంటివి మూడే ఉంటయ్: డైనమో, స్టార్టర్, బ్యాటరీ మీదికెళ్లి డైరెక్టుగ గుంజిన తీగలు. ముందుగాల డైనమో చెయ్యి పెట్టి చూడు. బండి రాత్రంతా ఆగినంక పొద్దున ఇంజిన్ చల్లగున్నా డైనమో ఒక్కటే నులివెచ్చగుంటే డయోడ్ పోయినట్టే.

#16 · ఆటోనగర్_వైరింగ్

చేత్తో తెలిసేది లీకేజీ బాగా ఎక్కువగా ఉన్నప్పుడే. 0.27కి పన్నెండు వోల్టులంటే మూడు వాట్లు, అంత పెద్ద ఇనుముకి అది తెలియదు. విప్పి చూడటమే నయం.

డైనమో లోపల కనీసం ఆరు డయోడ్లు ఉంటాయి. కరెంటు డైనమో నుంచి బ్యాటరీకి పోవాలే తప్ప వెనక్కి రాకుండా ఆపేవి అవే. ఒకటి పాడై వెనక్కి వదలడం మొదలుపెడితే ఇంజిన్ ఆగాక బ్యాటరీ దాని గుండా దిగిపోతుంది. అయినా మిగతావి పనిచేస్తుంటాయి కాబట్టి చార్జింగ్ 14 చూపిస్తూనే ఉండొచ్చు. అందుకే మొదట్లో అనుమానం తీరదన్నాను.

బ్యాటరీ నెగటివ్ పూర్తిగా తీశాకే డైనమో వెనక లావు తీగ, బీ ప్లస్ నట్టు విప్పండి. ఆ తీగ ఎప్పుడూ లైవ్‌లో ఉంటుంది, నెగటివ్ తీయకుండా స్పానర్ పెడితే బాడీకి తగిలి మెరుపు వస్తుంది. నట్టు సాధారణంగా 10 లేదా 12. విప్పిన కొసకి ఇన్సులేషన్ టేపు చుట్టండి, పక్కనున్న చిన్న కప్లర్ కూడా లాగండి. మళ్లీ మీటర్ పెట్టండి. 0.27 పడిపోతే డైనమోదే తప్పు, డయోడ్ ప్లేటు మార్పించాలి. రెండు మూడు మిల్లీఆంప్స్ తేడా వస్తే పట్టించుకోవద్దు.

ఏసీ రిపుల్ టెస్ట్ (చార్జింగ్ డీసీలో కలిసి వచ్చే ఏసీని కొలవడం) చేయమని ఎవరైనా చెబితే మీ మీటర్‌తో వద్దు. మంచి మీటర్‌లో ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఏసీ 0.1 లోపు ఉండాలి, 0.5 దాటితే డయోడ్ అనుమానం. డీటీ830డీలో అతి చిన్న ఏసీ రేంజే 200 వోల్టులు. పైగా ఇలాంటి మీటర్లు డీసీని కూడా ఏసీగా కలిపి చూపిస్తాయి.

#17 · కొత్తపేట_కారు

బీ ప్లస్, కప్లర్ రెండూ తీశాను. మీటర్ అదే 0.27. డైనమో కాదు. బ్యాటరీ పాజిటివ్ క్లాంపు బోల్టు కింద కంపెనీ తీగలు కాకుండా రెండు సన్న ఎర్ర తీగలున్నాయి. ఒకదానికి మధ్యలో ఫ్యూజ్ హోల్డర్ ఉంది, ఇంకోదానికి ఏమీ లేదు. రెండూ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు) రంధ్రం గుండా లోపలికి వెళ్లాయి.

#18 · ఫ్యూజ్_డబ్బా

ఒక్కొక్కటే విప్పి చూడండి. ఫ్యూజ్ లేని ఆ రెండో తీగని మాత్రం కారణం ఏదని తేలినా అలా వదలొద్దు. ఫైర్‌వాల్ రేకు అంచుకి రాసుకుని పైపొర చిరిగితే తీగ పొడవునా మంటే. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజ్ ఉండాలి, రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (అంచుకి వేసే రింగు) ఉండాలి.

#19 · కొత్తపేట_కారు

ఫ్యూజ్ ఉన్నది సెంట్రల్ లాక్‌ది. విప్పితే 0.27 నుంచి 0.25. ఫ్యూజ్ లేనిది విప్పగానే 0.25 నుంచి 0.00. అది స్టీరియో వెనక్కి వెళ్తోంది. స్టీరియో బయటికి లాగి చూస్తే పసుపు తీగ, ఎర్ర తీగ రెండూ మెలిపెట్టి ఈ తీగకే టేపు చుట్టి ఉన్నాయి. కానీ తాళం తీస్తే స్క్రీన్ ఆరిపోతోంది కదా?

#20 · విశాఖ_గ్యారేజి

దొరికింది. స్టీరియోకి పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, జ్ఞాపకం కోసం. ఎర్రది తాళం తిప్పినప్పుడే రావాల్సిన కరెంటు, అది చూసే స్టీరియో మేల్కోవాలా పడుకోవాలా నిర్ణయించుకుంటుంది. రెండూ కలిపేస్తే తాళం తీసిన సంగతి దానికి ఎప్పటికీ తెలియదు. స్క్రీన్ ఆరడం గురించి: స్క్రీన్ వెలుగుకి వెళ్లే డిమ్మర్ తీగో ఇంకేదో తాళంతో పోతుండొచ్చు, లేదా స్క్రీన్ సేవర్ కావచ్చు. లోపల ప్రాసెసర్, బ్లూటూత్, యాంప్లిఫయర్ మేల్కొనే ఉన్నాయి. మీ 0.25 అదే.

తాళం లేకుండా పాటలు వినొచ్చని ఇలా కలుపుతారు. కొందరు ఏసీసీ లైన్ (తాళం మొదటి మెట్టుకి తిప్పితే కరెంటు వచ్చే తీగ) వెతికే ఓపిక లేక కలుపుతారు.

#21 · ఆటోనగర్_వైరింగ్

సరిచేయడం ఇలా.

పసుపు తీగని కంపెనీ స్టీరియో కప్లర్‌లో ఉండే మెమరీ లైన్‌కి కలపడం అన్నిటికన్నా మేలు, దానికి ఫ్యూజ్ ముందే ఉంటుంది. బయట యాంప్లిఫయర్ లేకపోతే ఆ లైన్ చాలు. ఆ కప్లర్ కోసేసి ఉంటే ఇప్పుడున్న డైరెక్ట్ తీగనే ఉంచి, బ్యాటరీ దగ్గర హోల్డర్‌తో 10 ఆంప్స్ ఫ్యూజ్ వేయండి.

ఎర్ర తీగని సిగరెట్ లైటర్ లైన్‌కి కలపండి. ముందు మీటర్‌తో ఖాయం చేసుకోండి: తాళం తీసి ఉంటే 0, ఏసీసీ మీద 12, సెల్ఫ్ అయ్యాక కూడా 12 అంతకుపైన రావాలి. కొన్ని బండ్లలో లైటర్ సాకెట్‌కి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, అలాంటి చోట కలిపితే మళ్లీ మొదటికే వస్తారు. ఎర్ర తీగలో పారేది చాలా తక్కువ, 1 చదరపు మిల్లీమీటరు తీగ ధారాళంగా సరిపోతుంది.

మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. మన ఎండలకి క్యాబిన్‌లో టేపు జిగురు కరిగి జారిపోతుంది. క్రింప్ (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) చేయండి, లేదా సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి.

నీలం రంగు తీగ ఒకటి ఉంటుంది, యాంప్లిఫయర్‌కి, యాంటెన్నాకి. దాన్ని కూడా ఎక్కడైనా బ్యాటరీ లైన్‌కి కలిపారేమో చూడండి. కెమెరా కరెంటు రివర్స్ లైట్ నుంచే రావాలి.

#22 · కొత్తపేట_కారు

పసుపు కంపెనీ కప్లర్‌కి, ఎర్రది లైటర్ లైన్‌కి మార్చి, సెంట్రల్ లాక్ తీగ తిరిగి కలిపాను. డైరెక్ట్ తీగ మొత్తం పీకేశాను. స్టీరియో సెట్టింగ్స్‌లో నిద్రపోయే సమయం అని ఉంటే తక్కువకి పెట్టాను. అరగంట తర్వాత 200 రేంజ్‌లో 38 మిల్లీఆంప్స్. ఇంకా తగ్గించాలా?

#23 · ఫ్యూజ్_డబ్బా

అవసరం లేదు. అందులో సెంట్రల్ లాక్ వాటా 20, అది రిమోట్ సిగ్నల్ కోసం ఎప్పుడూ వింటూ ఉంటుంది. 38 అంటే రోజుకి 0.9 ఏహెచ్. బ్యాటరీని మాత్రం ఒకసారి చార్జర్‌తో నిండా ఎక్కించండి. పదేపదే అడుగంటిన బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఇలాగే వదిలేస్తే సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాక గీత దాకా పోయండి. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయాలి. చార్జ్ అయ్యే చోట గాలి ఆడాలి, నిప్పు దగ్గరికి రాకూడదు, హైడ్రోజన్ వస్తుంది.

#24 · మానుకోట_జీపు

నాది పాత డీజిల్. మీటర్ పెట్టినప్పుడు 30 మిల్లీఆంప్సే చూపిస్తది, కొన్ని రోజులు బాగుంటది, ఒక్కోరోజు పొద్దుగాల చూస్తే డెడ్. ఇసొంటిది ఎట్ల పట్టుకోవాలె? ఫాస్టాగ్ వల్ల గూడ దిగుతదా?

#25 · ఆటోనగర్_వైరింగ్

ఫాస్టాగ్‌కి బండి కరెంటుతో సంబంధం లేదు, టోల్ దగ్గర రీడర్ పంపే తరంగాలతోనే అది పనిచేస్తుంది. జీపీఎస్ ట్రాకర్ ఉంటే అది వేరే సంగతి. బండి కదిలినా, సిగ్నల్ అందకపోయినా ఎక్కువ లాగుతుంది.

ఒకసారి వచ్చి ఒకసారి రానిదానికి నెగటివ్‌లో మీటర్ బదులు 5 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి. ఎక్కడో రిలే పట్టేసినా, లైట్ వెలిగినా బల్బు ఎర్రబడుతుంది, పూర్తి షార్ట్ అయినా 0.4 ఆంప్స్ దాటనివ్వదు. డీజిల్‌లో ముందు చూడాల్సింది గ్లో ప్లగ్ (స్టార్టింగ్‌కి ఇంజిన్ లోపల వేడిచేసే ప్లగ్గు) రిలే. కాంటాక్టులు అతుక్కుంటే ప్లగ్గుకి పది ఆంప్స్ చొప్పున లాగి ఒకటి రెండు గంటల్లోనే బ్యాటరీని పీల్చేస్తుంది. బండి ఆపిన పది నిమిషాల తర్వాత ప్లగ్గుల పట్టీ మీద మీటర్ పెట్టండి, వోల్టులు ఉండకూడదు. తర్వాత రేడియేటర్ ఫ్యాన్ రిలే, హారన్ రిలే. డిక్కీ లైట్ అనుమానమైతే ఫోన్‌ని వీడియోలో పెట్టి లోపల ఉంచి మూయండి, లైట్ ఆరుతోందో లేదో కనిపిస్తుంది.

#26 · మానుకోట_జీపు

అందాక కటాఫ్ స్విచ్ పెట్టుకోవచ్చా?

#27 · ఆటోనగర్_వైరింగ్

నెగటివ్‌కి పెట్టుకోవచ్చు, గడియారం, స్టీరియో సెట్టింగ్స్ పోతాయంతే. స్టార్టర్ కరెంటు మొత్తం దాని గుండానే పోతుంది కాబట్టి డీజిల్‌కి గట్టి రకం తీసుకోండి, సన్న ఇత్తడి మర స్విచ్ వేడెక్కుతుంది. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు. బ్యాటరీ లేకుండా డైనమో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి రెగ్యులేటర్, డయోడ్లు, స్టీరియో అన్నీ కలిపి కాల్చేస్తుంది.